జ్వరం తగ్గింది, షుగరు ఎవరు చూశారు?

(ఏలూరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరోనా తర్వాత స్త్రీల ఆరోగ్యం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నా పేరు ముందు డాక్టర్ అని రాశారు గాని నేను వైద్యురాలిని కాను. సమాజశాస్త్రంలో పరిశోధన చేసినందుకు వచ్చిన డాక్టరేటు నాది. ఏ జబ్బుకు ఏ బిళ్ళ వేసుకోవాలో నేను చెప్పను, చెప్పకూడదు కూడా. జబ్బు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరికి పరీక్ష చేయిస్తారు, ఎవరికి చేయించరు, ఆ తేడా ఎవరి ప్రాణం మీదికి తెస్తుంది అనేది నేను చదువుకున్న విషయం. దాని గురించే మాట్లాడతాను.

‘రోగనిరోధక శక్తి’ అనే మాట 2020 నుంచి మన వంటిళ్ళలోకి వచ్చింది. శొంఠి, మిరియాలు, పసుపు వేసి ఇంటిల్లిపాదికీ కషాయాలు కాచిపోశాం. ఎవరికి జ్వరం తగిలినా ‘పాపం, వాళ్ళకి ఇమ్యూనిటీ తక్కువ’ అనుకున్నాం, అదేదో పుట్టుకతో వచ్చిన గుణం అయినట్టు. ఆ శక్తికీ రక్తంలో ఉండే చక్కెరకూ సంబంధం ఉందని మనకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. వైరస్ సోకినప్పుడూ, అది తగ్గిన తర్వాతా మన శరీరం ఎంత గట్టిగా నిలబడుతుందనేది చాలావరకు ఆ చక్కెర మీద ఆధారపడి ఉంటుంది. ఆ చక్కెర ఎంత ఉందో తెలుసుకోవడం మన సమాజంలో స్త్రీకి హక్కుగా లేదు. ఎవరైనా తీసుకెళ్తే జరిగే పనిగా ఉంది. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇదే.

ముందు ఒక స్త్రీ గురించి చెబుతాను. ఆమెది కొల్లేటి లంక గ్రామాల్లో ఒకటి. ఊరి పేరూ, ఆమె పేరూ చెప్పను, అలా మాట ఇచ్చాను. వయసు నలభై ఏడు. రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలిచే పని చేసేది. 2021 మే నెలలో, రెండో ఉధృతిలో, ఇంట్లో ముందు భర్తకు జ్వరం వచ్చింది. ఆయనకు ఆరేళ్ళుగా షుగరు ఉంది, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అందుకని ఆయన్ని వెంటనే ఏలూరు తీసుకొచ్చారు. రోజూ రక్తపరీక్ష చేశారు, షుగరు పెరిగితే ఇన్సులిన్ ఇచ్చారు. ఆయన బతికి ఇంటికి వెళ్ళాడు. ఆయనకు సేవ చేసిన భార్యకు వారం తిరగకుండా జ్వరం పట్టుకుంది. ఆమెకు ఊళ్ళోనే వైద్యం జరిగింది. మందుల చీటీ ఎవరిదో ఫోనులో వచ్చింది. అందులో స్టెరాయిడ్ బిళ్ళలు ఉన్నాయి. పది రోజులు వేసుకుంది. జ్వరం తగ్గింది. ఇంట్లో అందరూ ‘గండం గడిచింది’ అనుకున్నారు.

తర్వాత పన్నెండో రోజున ఆమెకు ఒక పక్క దవడ నొప్పి, కన్ను వాపు మొదలయ్యాయి. పంటి నొప్పి అనుకుని నాలుగు రోజులు లవంగం పెట్టుకుంది. పెద్దాసుపత్రికి తీసుకొచ్చేసరికి కంటిచూపు పోయింది. అక్కడ చేసిన మొదటి రక్తపరీక్షలో షుగరు 400 దాటి ఉంది. తనకు షుగరు ఉందని ఆమెకు తెలిసింది ఆ రోజే. ప్రాణం దక్కించడానికి ఆమె కన్ను తీసేశారు.

“అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నావా అమ్మా?” అని నేను అడిగాను. ఆమె చెప్పిన జవాబు నా నోటుపుస్తకంలో అలాగే రాసుకున్నాను. “మా ఇంటాయనకి చూసే మిషను ఇంట్లోనే ఉందండీ. ఆ పుల్లలు ఖరీదని నేను ముట్టుకోలేదండీ.”

గ్లూకోమీటరు ఆ ఇంట్లోనే ఉంది. రోజూ భర్త వేలికి పొడిచి, అంకె చూసి, కాగితం మీద రాసింది ఆమే. తన వేలు మాత్రం దాని ముందు పెట్టలేదు.

ఇప్పుడు ఆమె శరీరంలో ఏం జరిగిందో, వైద్యులు చెప్పిన విషయాన్ని మన భాషలో చెప్పుకుందాం.

మన రక్తంలో తెల్లకణాలు ఉంటాయి. వాటిలో కొన్ని, సూక్ష్మజీవి ఎక్కడ చొరబడితే అక్కడికి పరుగెత్తి దాన్ని మింగేస్తాయి. రక్తంలో చక్కెర ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే ఈ కణాలు మందగిస్తాయి. చేరవలసిన చోటికి ఆలస్యంగా చేరతాయి, చేరినా సరిగా మింగలేవు. ఇంకొన్ని కణాలు వైరస్ పట్టిన కణాలను గుర్తుపట్టి చంపుతాయి, యాంటీబాడీలు తయారవడానికి తోడ్పడతాయి. వాటి పని కూడా గాడి తప్పుతుంది. మరోపక్క పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు ఊరికే కూర్చోదు. అది వాపు పుట్టించే రసాయనాలను రోజూ కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతుంది. అంటే అవసరమైన రక్షణ ఆలస్యంగా వస్తుంది, అవసరం లేని మంట ముందే రాజుకుని ఉంటుంది. కరోనాలో చాలామంది ఊపిరితిత్తులు దెబ్బతిన్నది వైరస్ వల్ల ఎంతో, అదుపు తప్పిన ఈ మంట వల్ల కూడా అంతే.

రెండో సంగతి. షుగరు జబ్బును ముదరబెట్టినట్టే, జబ్బు కూడా షుగరును పెంచుతుంది. జ్వరం వచ్చినప్పుడు శరీరం ఒత్తిడి హార్మోన్లను విడుదల చేస్తుంది, అవి చక్కెరను పెంచుతాయి. వైరస్‌తో పోరాడటానికి శరీరం తయారుచేసే ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థం కండరాలను ఇన్సులిన్ మాట విననివ్వదని ఎలుకల మీద చేసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న శరీరం మరికాస్త ఇన్సులిన్ తయారుచేసుకుని సర్దుకుంటుంది. స్థూలకాయం ఉండి, షుగరు అంచు మీద ఉన్న శరీరం సర్దుకోలేదు. అంచు మీద ఉన్న మనిషిని జ్వరం అవతలికి తోసేస్తుంది.

మూడోది స్టెరాయిడ్. దీన్ని దుర్మార్గపు మందుగా చూడనక్కరలేదు. డెక్సామెథసోన్ వల్ల ఆక్సిజన్ అవసరమైన కరోనా రోగుల్లో మరణాలు తగ్గాయని 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలో తేలింది. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం దానివల్ల మేలు కనబడలేదని ఆ పరీక్షే చెప్పింది. స్టెరాయిడ్ రక్తంలో చక్కెరను పెంచుతుంది, రోగనిరోధక శక్తిని అణుస్తుంది. కాబట్టి అది ఇచ్చినన్నాళ్ళూ షుగరు చూస్తూ ఉండాలి. మన లంక స్త్రీకి ఆక్సిజన్ అవసరం పడలేదు. షుగరు ఎవరూ చూడలేదు. మందు మాత్రం పది రోజులు నడిచింది.

బ్లాక్ ఫంగస్ అని పత్రికలు రాసిన మ్యూకోర్‌మైకోసిస్ బూజు మన చుట్టూ ఎప్పుడూ ఉంటుంది. మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో, గాలిలో ఉంటుంది. మనమందరం దాన్ని పీలుస్తూనే ఉన్నాం, మన తెల్లకణాలు దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తున్నాయి. షుగరు బాగా పెరిగి రక్తం ఆమ్లత్వానికి మారితే, రక్తంలో కట్టుబడి ఉండే ఇనుము విడిపోయి ఆ బూజుకు ఆహారమవుతుంది. చక్కెర ఎక్కువ, ఇనుము ఎక్కువ, కాపలా తక్కువ. 2021 జులై నాటికి మన దేశంలో 45 వేలకు పైగా కేసులు నమోదయ్యాయనీ, 4,300 మందికి పైగా చనిపోయారనీ కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. ఆ ఏడాది వచ్చిన ఒక సమీక్షలో చూసిన 101 మంది రోగుల్లో 82 మంది మన దేశంవారు. మొత్తం మీద 80 శాతం మందికి షుగరు ఉంది, 76 శాతం మందికి స్టెరాయిడ్లు వాడారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 మే నెలలో ఈ జబ్బును అప్పటి ఆరోగ్యశ్రీలో చేర్చింది. అది మంచిపనే. కన్ను తీయించుకోవడానికి డబ్బు ఇచ్చిన ప్రభుత్వం, కన్ను పోకుండా కాపాడే పరీక్షను ఆమె గుమ్మం దాకా ఎందుకు తేలేదన్నది నా ప్రశ్న.

ఇదంతా ఎవరూ ఊహించని ఉపద్రవం అని కొందరు అంటారు. మన గోదావరి జిల్లాల విషయంలో ఆ మాట చెల్లదు. ఈ సంగతి ఇరవై ఏళ్ళ క్రితమే కాగితం మీద ఉంది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో ఒక ఏడాది పాటు జరిగిన మరణాలను పరిశోధకులు లెక్కపెట్టారు. మొత్తం 1,354 మరణాలు. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవల్ల. అంటురోగాల వల్ల 12 శాతమే. ఆ పథకం కిందనే 20 గ్రామాల్లో 30 ఏళ్ళు దాటినవారిని పరీక్షించారు. 13.2 శాతం మందికి షుగరు ఉందని 2006లో ప్రచురించారు. వారిలో సగం మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. గుర్తుంచుకోండి, ఇవి పట్నాలు కావు. షుగరు డబ్బున్నవాళ్ళ జబ్బు, పట్నంవాళ్ళ జబ్బు అని మనం అనుకుంటున్న రోజుల్లో మన పల్లెల లెక్క ఇది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో 19.5 శాతం మందికి, మగవారిలో 21.8 శాతం మందికి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంది, లేదా వారు దానికి మందు వాడుతున్నారు. అంటే ఐదుగురు ఆడవాళ్ళలో దాదాపు ఒకరు. ఈ హాల్లో మనం వందమందిమి ఉన్నాం. లెక్క మీరే వేసుకోండి.

కరోనా మొదటి ఏడాదిలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల సమాచారం మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 2020లో అంతర్జాతీయ శాస్త్ర పత్రికలో వచ్చింది. కరోనాతో చనిపోయినవారిలో 63 శాతం మందికి కనీసం ఒక పాత జబ్బు ఉంది. 45 శాతం మందికి షుగరు ఉంది, 36 శాతం మందికి రక్తపోటు ఉంది. ఇవి తెలిసిన జబ్బుల లెక్క మాత్రమే. తెలియని షుగరు ఈ లెక్కలోకి రాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నిజాయితీగా దానికి జవాబు చెప్పాలి. ‘కరోనాతో ఎక్కువగా చనిపోయింది మగవాళ్ళు కదా, బ్లాక్ ఫంగస్ కూడా మగవాళ్ళకే ఎక్కువ వచ్చింది కదా, మీరు ఆడవాళ్ళ గోల ఎందుకు తెస్తారు?’ అని ఒక సభలో ఒక పెద్దాయన నన్ను అడిగారు. ఆయన చెప్పింది వాస్తవమే. నేను చెప్పిన ఆ 101 మందిలో దాదాపు 79 శాతం మగవాళ్ళే. మగవారి శరీరంలో ఈ వైరస్ ఎక్కువ హాని చేస్తుందని ప్రపంచమంతటా తేలింది. దాన్ని నేను కాదనను. అయితే ఇంకో వాస్తవం కూడా ఉంది. మన దేశంలో నమోదైన కరోనా కేసుల్లో మగవాళ్ళు చాలా ఎక్కువ. కానీ ఇంటింటికీ వెళ్ళి యాంటీబాడీల కోసం రక్తం పరీక్షించిన జాతీయ సర్వేల్లో ఆడా మగా మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే వైరస్ ఇద్దరికీ సోకింది. పరీక్షా కేంద్రం గుమ్మం ఎక్కింది ఎక్కువగా ఒకరే. పరీక్ష జరగని మనిషి ఏ లెక్కలోకీ రాదు. కేసుగా రాదు, రోగిగా రాదు, ఒక్కోసారి మరణంగానూ రాదు.

ఇందులో నన్ను నేను మినహాయించుకోలేను. మా నాన్నగారికి షుగరు. ఆయన పరీక్షల కాగితాలన్నీ ఏడాదివారీగా ఫైలు చేసి ఉండేవి. ఆ ఫైలు కుట్టింది మా అమ్మ. ఆమెకు ప్రత్యేకంగా ఏ ఫైలూ లేదు. 2006లో చికున్‌గున్యా మన రాష్ట్రాన్ని ఊపేసినప్పుడు అమ్మ మూడు నెలలు మంచం దిగలేకపోయింది. కీళ్ళు పట్టేశాయి, అరికాళ్ళు మండేవి. దాహం వేస్తోందని రాత్రుళ్ళు లేచేది. జ్వరం తాలూకు నీరసం అన్నారు, మేమూ అదే అనుకున్నాం. ఆ దాహం ఏమిటో మాకు రెండేళ్ళ తర్వాత, కాలి వేలికి పుండు పడినప్పుడు తెలిసింది. పితృస్వామ్యం మీద వ్యాసాలు రాసే కూతురు ఆ ఇంట్లోనే ఉంది. అమ్మ వేలు పట్టుకుని ఒక చుక్క రక్తం తీయాలని ఆ కూతురికి తోచలేదు.

అందుకే ‘జ్వరం తాలూకు నీరసం’ అనే మాటను నేను అనుమానంగా చూస్తాను. కిందటేడాది తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో పనిచేసే స్త్రీలతో కూర్చున్నాను. గోతాలు విప్పి, కుళ్ళినవి ఏరి, మళ్ళీ నింపే పని వాళ్ళది. రోజంతా గొంతుక్కూచుని చేసే పని. కరోనా అయినా, డెంగ్యూ అయినా, పేరు తెలియని విషజ్వరం అయినా, వచ్చి పోయిన తర్వాత మునుపటిలా లేమని దాదాపు అందరూ చెప్పారు. మాటిమాటికీ మూత్రం, కాళ్ళ తిమ్మిర్లు, మానని చిన్న చిన్న గాయాలు, కింద తెల్లబట్ట, దురద. ఈ చివరి రెండూ నాలుగోసారి కూర్చున్నప్పుడు గాని చెప్పలేదు. మూత్రానికి వెళ్ళే చోటు సరిగా లేక నీళ్ళు తాగడమే మానేస్తున్నామని చెప్పారు. “ఎవరికైనా షుగరు చూపించుకున్నారా?” అంటే ఒకామె నవ్వి, “షుగరుంటే తీపి తినేవాళ్ళకుంటుంది గానీ, రేషను బియ్యం తినేవాళ్ళకు ఎక్కడిదండీ!” అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో మన ఆరోగ్య ప్రచారం ఎంత పేదవాళ్ళ దాకా చేరిందో తెలుస్తుంది. పూటకు ఇంత తెల్లన్నం, ఇంత పచ్చడి, పప్పు ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు. అది తీపికి తక్కువేం కాదు.

కరోనా వచ్చి తగ్గినవారిలో కొత్తగా షుగరు బయటపడటం ఎక్కువగా ఉందని ఇప్పుడు తెలుసు. అమెరికాలో లక్షా ఎనభై వేల మందికి పైగా మాజీ సైనికులను ఒక ఏడాది పరిశీలించి, కరోనా రానివారికంటే వచ్చినవారిలో ఈ ప్రమాదం సుమారు 40 శాతం ఎక్కువని 2022లో ప్రకటించారు. మాజీ సైనికులంటే ఎక్కువమంది మగవారు, వయసు మళ్ళినవారు. మార్కెట్లో గోతాలు నింపే మన ఆడవాళ్ళను ఏ సంస్థా ఏడాది పొడుగునా వెంబడించి లెక్క రాయలేదు.

అలాగే జబ్బు వచ్చినందువల్లో టీకావల్లో కలిగిన రక్షణ అందరిలో ఒకేలా ఉండదు. ఇటలీలో కరోనా టీకా వేసుకున్న షుగరు రోగులను గమనించారు. షుగరు అదుపులో లేనివారిలో స్పందన బలహీనంగా ఉంది. తర్వాతి వారాల్లో షుగరును అదుపులోకి తెచ్చుకున్నవారిలో అది మెరుగుపడింది. నాకు ఈ రెండో వాక్యమే ముఖ్యం. పోయిన శక్తి కొంతైనా తిరిగి వస్తుంది. వారాల్లో వస్తుంది. ఇది తలరాత కాదు.

ఇక కొల్లేరు. ‘ఆడవాళ్ళు కదలరు, టీవీ ముందు కూర్చుంటారు, అందుకే షుగరు’ అనే తీర్పు మనం తరచు వింటాం. కొల్లేటి పల్లెల్లో ఈ తీర్పు నిలబడదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని పట్టి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పంపే మంచినీటి సరస్సు ఇది. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఈలోగా సరస్సు పొడుగునా చేపల చెరువుల గట్లు లేచాయి. 2006లో ప్రభుత్వం చాలా గట్లను పగలగొట్టింది. ఈ రాకపోకల్లో సరస్సును నమ్ముకున్న కుటుంబాలు సరస్సుకు దూరమయ్యాయి. దోనె మీద వెళ్ళి పట్టుకొచ్చిన చిన్న చేప ఒకప్పుడు ఇంటి కూరయ్యేది. తల్లి వంతు కూడా అందులో ఉండేది. ఇప్పుడు చెరువుల్లో పెద్ద చేప లారీలకెక్కి పోతుంది. తాగేనీరు కూడా కొనుక్కునే ఊళ్ళున్నాయి. పళ్ళెంలో చేప తగ్గి అన్నం పెరిగింది. నాలుగు రకాల పనులు చేసిన స్త్రీ ఒకేచోట ఐసు నీళ్ళలో చేతులు పెట్టి నిలబడి రొయ్యలు ఒలిచే కూలీ అయింది. ఆమె కదలికనూ, ఆమె తిండినీ మార్చింది ఆమె కాదు.

ఇంకో విచిత్రం చూడండి. అదే జాతీయ సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత, 36.3 శాతం మందికి అధిక బరువు. బరువు చూసి ‘బాగానే తింటోంది’ అంటారు. తినే తిండి కడుపు నింపుతుంది గాని ఒంటికి కావలసింది ఇవ్వదు. ఇందులో వైద్యపరమైన చిక్కు కూడా ఉంది. మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష, రక్తహీనత ఉన్నవారిలో తప్పుదోవ పట్టించవచ్చు. కాబట్టి మన స్త్రీల విషయంలో రక్తహీనతనూ షుగరునూ కలిపి చూడాలి. రెండు వేర్వేరు పథకాలుగా, ఒకటి గర్భిణులకు, ఒకటి ముసలివాళ్ళకు అని విడదీస్తే, మధ్యలో ఉన్న నలభై, యాభై ఏళ్ళ స్త్రీ రెంటికీ చెందకుండా పోతుంది. కాన్పులయ్యాక ఆమె శరీరంతో ప్రభుత్వానికి పని లేదు.

ఈ ఏలూరులో ఉండి ఒక సంగతి గుర్తుచేయకుండా ఉండలేను. 2020 డిసెంబరు 5న ఈ ఊళ్ళో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛలు వచ్చి పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లో ఆరువందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అది వైరస్ జబ్బు కాదు. రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్నారు, పురుగుమందుల మీద అనుమానం వచ్చింది. ఆ వారం ఢిల్లీ నుంచి, హైదరాబాదు నుంచి పెద్ద పెద్ద సంస్థలు పరుగెత్తుకొచ్చాయి. నీళ్ళు, పాలు, కూరగాయలు, రక్తం అన్నీ పరీక్షించారు. రావలసిందే, చేయవలసిందే. కానీ అదే ఊళ్ళో, అదే వీధుల్లో, ఐదుగురిలో ఒకరి రక్తంలో పేరుకుపోతున్న చక్కెరకు ఆ పరుగు ఎన్నడూ లేదు. వీధిలో పడిపోయిన మనిషి అందరికీ కనిపిస్తుంది. వంటింట్లో మెల్లగా కుంగిపోయే మనిషిని చూడటానికి ఎవరూ రారు.

మనం ఏం చేయాలి? నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

ఒకటి. జ్వరంతో ఆసుపత్రికో, గ్రామ ఆరోగ్య కేంద్రానికో వచ్చిన ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి స్త్రీకీ షుగరు పరీక్ష చేయాలని మనం అడగాలి. జ్వరం తగ్గిన నెలా రెండు నెలల్లో మళ్ళీ ఒకసారి చేయాలి. జ్వరంలో పెరిగి తర్వాత దిగిపోయే షుగరు ఉంటుంది, దిగని షుగరు ఉంటుంది. రెండోసారి చూస్తేనే తేడా తెలుస్తుంది.

రెండు. స్టెరాయిడ్ ఇచ్చేముందు ‘ఇది స్టెరాయిడా? నా షుగరు చూశారా?’ అని అడిగే హక్కు రోగికి ఉంది. ఆ రెండు ప్రశ్నలు మన సంఘాల్లో ప్రతి స్త్రీకీ నోటికి రావాలి. ఊళ్ళో వైద్యం చేసేవారిని తిట్టి లాభం లేదు, అర్ధరాత్రి పలికేది వాళ్ళే. అయినా అడగాలి. డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్ వాడుతున్నవారు సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు, అదీ ప్రమాదమే.

మూడు. పరీక్ష ఆమె దగ్గరికి రావాలి. పొద్దున్నే పరగడుపున రమ్మంటే రొయ్యల షెడ్డు స్త్రీ రాలేదు, ఆ రోజు కూలి పోతుంది. షెడ్డు దగ్గర, మార్కెట్ దగ్గర, పనివేళలకు ముందు పరీక్ష పెట్టాలి. యజమాని ఆ గంటకు కూలి కోయకూడదు. మార్కెట్లో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉండాలి. ఇది శుభ్రత విషయం మాత్రమే కాదు, నీళ్ళు తాగగలిగే హక్కు.

నాలుగు. ఆశ కార్యకర్తలు రాసే రిజిస్టర్లలో పరీక్షలు చేయించుకున్న ఆడవాళ్ళెందరు, మగవాళ్ళెందరు, మందులు ఆగకుండా అందింది ఎందరికి అనే లెక్క విడిగా తీసి గ్రామసభలో చదవాలి. ఆశ కార్యకర్త కూడా స్త్రీయే. ఊరందరి వేళ్ళూ పొడిచే ఆమె వేలు ఎవరు పొడుస్తున్నారో కూడా అడగండి.

ఇవి పెద్ద కోరికలు కావు. ఒక చుక్క రక్తం, ఒక పుల్ల, ఒక నిమిషం.

ఆ లంక స్త్రీ దగ్గరికి మొన్న మళ్ళీ వెళ్ళాను. షెడ్డు పనికి వెళ్ళడం లేదు, ఒంటి కన్నుతో రొయ్య నరం సరిగా కనబడదట. ఇంటి దగ్గరే చిన్న కొట్టు పెట్టుకుంది. షుగరు అదుపులో ఉంది. నేను వెళ్ళేసరికి పక్కింటి కోడలు, ఆ కోడలి తల్లి, ఇంకో ఇద్దరు ఆమె అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఊళ్ళో మళ్ళీ జ్వరాలు తిరుగుతున్నాయి. ఆమె మిషను తీసి, పుల్ల పెట్టి, వరసగా వాళ్ళ వేళ్ళు చూస్తోంది. అంకెలు కొట్టు లెక్కల పుస్తకంలో వెనకవైపు నుంచి రాస్తోంది. పుల్లల ఖరీదు ఎవరు పెట్టుకుంటున్నారని అడిగాను. “తలా కొంచెం వేసుకుంటన్నామండీ. గవర్నమెంటోళ్ళు ఇస్తే తీసుకుంటాం” అంది.

ఆ పుల్లలు ప్రభుత్వం ఇచ్చేదాకా అడిగే పని మనది. ఈ సమావేశం నుంచి ఇంటికి వెళ్ళాక ముందుగా మీ వేలు మీరు చూపించుకోండి. తర్వాత మీ అమ్మది, అత్తగారిది, మీ ఇంట్లో పనిచేసే స్త్రీది చూడండి. ఆ అంకెలు పట్టుకుని వచ్చే సమావేశంలో కలుద్దాం.

సెలవు.